పక్క కుట్లు

పిల్ల ఒళ్ళు చేసిందంటే ఏ తల్లైనా మురిసిపోతుంది. గుండీలమ్మకు మాత్రం ఆ పొద్దున గుండె గుభేలుమంది.

పెద్దదానికి ఆకుపచ్చ గౌను తొడుగుతుంటే చంకల దగ్గర పట్టేసింది. బడి మూసిన రోజున ఇదే గౌను పిల్ల ఒంటిమీద కొయ్యకు తగిలించినట్టు వేలాడింది. ఇప్పుడేమో రెండు చేతులూ పైకెత్తించి, ఊపిరి బిగబట్టించి, అటూ ఇటూ గుంజితే తప్ప దిగలేదు. పిల్లకు అదంతా ఆటగా ఉంది. "అమ్మా, గౌను చిన్నదైపోయింది, నేను పెద్దదాన్నైపోయాను!" అంటూ గది నాలుగు మూలలా గెంతింది.

"నోర్ముయ్, గోడకవతల వింటారు" అంది తల్లి. అని, పిల్ల ముఖం చిన్నబోవడం చూసి, దగ్గరికి లాక్కుని జుట్టు సర్దింది. పిల్ల పెరిగిందన్న మాట పొరుగువాళ్ళు వినకూడని మాట ఎప్పుడైందో ఆమెకే తెలియలేదు.

ఆవిడ అసలు పేరు ఆ వీధిలో ఎవరూ పట్టించుకోలేదు. బజార్లో దర్జీ కొట్టులో కాజాలు కుట్టి గుండీలు వేస్తుంది కాబట్టి గుండీలమ్మ. మొగుడు ఎక్కడో వంతెన పనిలో ఉన్నాడు, వానలు మొదలైతే తప్ప రాడు. పిల్లలిద్దరు. రెండో క్లాసు పెద్దది, ఇంకా మాటలు సరిగ్గా రాని చిన్నది. పెద్దదానికి పిచ్చుక అని పేరు పెట్టింది మాత్రం బడిలో వండే పెద్దమ్మ. మొదటి రోజు కంచం పట్టుకుని నిలబడితే చూసి, "ఇదేం పిల్లే, ఉఫ్ మంటే ఎగిరిపోయేటట్టుంది, పిచ్చుక!" అందట. ఆ పేరు అంటుకుపోయింది.

బడికైతే సెలవులిచ్చారు గానీ పొట్టకు సెలవులిచ్చే నాథుడెవడు? అందుకే ఆ ఎండాకాలం బడి వరండాలో మధ్యాహ్నం పూట పిల్లలకు అన్నం పెడుతున్నారు. అన్నం అందరికీ. తూకంలో వయసుకు తగ్గ బరువు గీతకు కిందున్న పిల్లలకు మాత్రం దానిమీద ఒక గుడ్డు, గ్లాసెడు పాలు, వారానికో పొట్లం బలం పొడి. గీత దాటిన రోజు ఆ మూడూ బంద్. ఆ పొట్లం ఇంటికి వస్తేనే చిన్నదానికి రెండు పూటలా జావ. కొట్టులో పని లేని వారం గుండీలమ్మ కూడా గిన్నె అడుగున మిగిలింది నీళ్ళు కలుపుకుని తాగి, కడుపు నిండిందనిపించుకునేది.

ఇప్పుడా పెద్దది గీత దాటేట్టుంది. మళ్ళీ తూకం శనివారం.

ఆమె నీళ్ళకు వెళితే పక్కవాటా వదిన కుళాయి దగ్గర అప్పటికే బిందె పెట్టుకుని ఉంది. సొంత వదినేం కాదు, ఒకే గోడకు ఇటొకరూ అటొకరూ ఉండబట్టి వచ్చిన వరస. హోటల్లో గిన్నెలు తోమి తోమి ఆవిడ వేళ్ళు ఎప్పుడూ నానిపోయి తెల్లగా ఉంటాయి. నోరు మాత్రం ఎప్పుడూ ఆరదు.

"శనివారం తూకం వెయ్యడానికి పెద్ద మేడమ్ వస్తుందట, విన్నావా?" అంది వదిన.

"విన్నాను."

"మీ పిచ్చుకకు బుగ్గలొచ్చాయే."

దొంగసొత్తు ఎవరో చూసేసినట్టు గుండీలమ్మ ఉలిక్కిపడింది. "ఏం బుగ్గలు వదినా, ఎండకు ముఖం ఉబ్బింది."

"నా దగ్గరా నీ కబుర్లు? నా పిల్లకూ వచ్చాయిలే." వదిన బిందె కిందికి దించి, గొంతు తగ్గించింది. "మూలింటి పిల్ల సంగతి మర్చిపోయావా? పోయిన తూకంలో గీత దాటిందని వాళ్ళమ్మ అందరిలోనూ చప్పట్లు కొట్టింది. మర్నాటి నుంచి గుడ్డు లేదు, పాలు లేవు, పొడి లేదు. ఇప్పుడు చూడు ఆ పిల్లని. మళ్ళీ మొదటికొచ్చింది."

"తగ్గితే మళ్ళీ ఇస్తారుగా?"

"ఇస్తారు, వచ్చే తూకానికి. అప్పటికి ఎండాకాలమే అయిపోతుంది. పిల్ల ఎదిగినందుకు జరిమానా వేసే ఊరు ఇదొక్కటే ఉంటుంది తల్లీ."

కుళాయి కింద పెట్టిన గుండీలమ్మ బిందె నిండి నీళ్ళు పొర్లిపోతున్నాయి. కట్టాలని కూడా తోచలేదు.

"నేనొక మాట చెబుతా, నీకొక్కదానికే చెబుతున్నా" అంది వదిన అటూ ఇటూ చూసి. "ఈ రెండు రోజులూ పిల్లని కాస్త తక్కువ తిననియ్. తూకం పొద్దున మంచినీళ్ళు కూడా పట్టకు. ముల్లు దానంతటదే దిగుతుంది. రెండు రోజులకు ఎవరూ చచ్చిపోరు. అందరికీ చెప్పకు సుమా, అందరూ మొదలుపెడితే అనుమానమొస్తుంది."

కొట్టులో ఆ రోజు చొక్కాల గుట్ట ఆమె కంటే ఎత్తుగా ఉంది. బళ్ళు తెరిచే లోపల యూనిఫారాలు ఇవ్వాలి. దర్జీ మాస్టరు పెద్ద బల్ల మీద గుడ్డ పరిచి సుద్దతో గీతలు గీస్తుంటే, గుండీలమ్మ గుమ్మం వెలుతుర్లో ముక్కాలి పీట మీద కూర్చుని కాజాలు కుడుతోంది. కాజా అంచు చుట్టూ దారం తిప్పి, ముడి లాగి, మళ్ళీ తిప్పి. చేతులు వాటంతట అవే పోతున్నాయి. మనసు మాత్రం కుళాయి దగ్గరే ఉండిపోయింది.

అన్నం వేళ అందరూ లేచాక సంచిలోంచి ఆకుపచ్చ గౌను తీసింది. పొద్దున పిల్లకు వేరేది తొడిగి, దీన్ని మడిచి తెచ్చుకుంది. లోపలికి తిప్పి, బ్లేడు ముక్కతో పక్క కుట్టు ఒక్కొక్కటే తెంపి, దారం పోగులు ఊడలాగింది. కుట్టినప్పుడు లోపల రెండు వేళ్ళ గుడ్డ మడిచిపెట్టింది తనే. ఆ మడత విప్పేసరికి ఎండ చూడని గుడ్డ పచ్చగా, కొత్తగా బయటపడింది. బయటి గుడ్డేమో ఉతికి ఉతికి వెలిసిపోయి ఉంది. ఇస్త్రీ పెట్టి ఎంత రుద్దినా ఆ రెండు రంగుల తేడా పోలేదు. అంచుకు దగ్గరగా కొత్త కుట్టు వేసి, చంక కింద కదా, ఎవరు చూస్తారులే అని సర్దిచెప్పుకుంది.

"ఏమ్మాయ్, కూతురు బలిసిందా?" అన్నాడు మాస్టరు వెనకనుంచి, పళ్ళు కుట్టుకుంటూ.

"లేదు మాస్టారూ. నీళ్ళకు గుడ్డ ముడుచుకుపోయింది."

"ఈ నెలలో మీ వీధి బట్టలన్నీ ముడుచుకుపోతున్నాయే! మొన్న మీ వదిన కూతురిది, అంతకుముందు ఆ కవలపిల్లలవి, నిన్న ఇంకెవరిదో చొక్కా. నా కొట్టులో కూర్చుని విప్పుతున్నావు, నాకు కనపడదనుకున్నావా?" అని నవ్వి, "మంచిదేలే. పిల్లల బట్టల్లో లోపల గుడ్డ వదలమని నేను మొత్తుకునేది అందుకే" అంటూ వెళ్ళి తన మిషన్ ముందు కూర్చున్నాడు.

ఆమె నవ్వలేకపోయింది. నిజమే, ఎన్ని గౌనుల పక్కలు విప్పింది తను! విప్పినప్పుడల్లా ఆ తల్లులు ముఖాలు వెలిగించుకుని నిలబడ్డారు. అందరి పిల్లలూ ఎదుగుతున్నారు. ఆ మాట తలుచుకుంటే సంతోషంగా ఉండాల్సింది పోయి, అరిచేతుల్లో చెమట పట్టింది. చొక్కా మీద మరక పడుతుందని చేతులు ఒళ్ళో తుడుచుకుని మళ్ళీ సూది అందుకుంది.

సాయంత్రం పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పింది. "రేపూ ఎల్లుండీ బడిలో సగమే తిను. పెద్దమ్మ అడిగితే కడుపులో బాగోలేదను."

"బానే ఉందిగా?"

"ఉందిలే. చెప్పిన మాట విను. చెల్లి జావ కోసం. నువ్వు బరువెక్కితే మేడమ్ పొడి ఇవ్వదు."

పిల్ల కాసేపు ఆలోచించింది. పాక్కుంటూ వచ్చి చాప నములుతున్న చెల్లెల్ని చూసింది. "సరే" అంది, పెద్ద బాధ్యత ఒప్పుకున్నట్టు తల ఊపి. ఆ ఊపడం తల్లి చూసింది. అయినా చెప్పిన మాట వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం మనసాగక, మాస్టరుకు తలనొప్పని చెప్పి బడి వైపు వచ్చింది. వరండాలో పిల్లలు రెండు వరసల్లో కూర్చున్నారు. పెద్దమ్మ మోకాళ్ళ నొప్పులతో ఒక కాలు ఈడుస్తూ, ఒక్కొక్కరి ముందూ వంగి వడ్డిస్తోంది. గరిటెతో గిన్నె అంచు మీద టంగుమని కొడితే మారు అన్నం వస్తోందని గుర్తు. ఎప్పుడూ ఆ చప్పుడుకు కంచాలు గాలిలోకి లేచేవి. ఆ రోజు పెద్దమ్మ రెండుసార్లు కొట్టింది. ఒక్క కంచమూ లేవలేదు.

"ఏమర్రా, ఏమైంది మీకు?" అంది పెద్దమ్మ. "ఏమే పిచ్చుకా, గుడ్డు కూడా వదిలేశావేం?"

"కడుపులో బాగోలేదు" అంది పిచ్చుక, తలెత్తకుండా.

"నీకూనా? ఇందాక దానికీ బాగోలేదట. ఆ మూలనున్న మిరపకాయ పిల్లకూ బాగోలేదట." పెద్దమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇంతలో స్తంభం పక్కనున్న గుండీలమ్మ కనబడింది. "అమ్మాయ్, ఇలా రా. కాస్త ఈ కూర నోట్లో వేసుకుని చెప్పు. ఉప్పెక్కువైందా? మాడు వాసనొస్తోందా? నా నాలుక నాకే నమ్మకం లేకుండా పోతోంది ఈ మధ్య."

గుండీలమ్మ అరచేతిలో వేయించుకుని తిన్నది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదేమో, కూర గొంతు దిగుతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగినంత పనైంది. అంత బాగుంది.

"బాగానే ఉంది పెద్దమ్మా. ఎండలు కదా, పిల్లలకు సయించదు."

"ఎండలు నిన్నా ఉన్నాయి, మొన్నా ఉన్నాయి" అని గొణుక్కుంటూ పెద్దమ్మ కంచాల్లో మిగిలింది బకెట్లోకి వంచసాగింది. అన్నం మెతుకులు, సగం కొరికిన గుడ్లు. వంచుతున్నకొద్దీ ఆవిడ ముఖం వాడిపోయింది. "ఈ చేత్తో ఎంతమందికి పెట్టానో. ఎప్పుడూ ఇలా కాలేదమ్మాయ్. రేపు నూనె మార్చి చూస్తాను. నీళ్ళు కూడా కాచి చల్లారుస్తాను. చంటి ప్రాణాలు, ఏమన్నా అయితే?"

గుండీలమ్మ తేలు కుట్టిన దొంగలా బయటికి నడిచింది. గేటు దగ్గర మూలింటావిడ ఎదురై, చూపు తప్పించుకుని పోయింది. ఆ తర్వాత కవలపిల్లల తల్లి. ఆవిడా అంతే. నీకొక్కదానికే చెబుతున్నానని వదిన ఎంతమందికి చెప్పిందో అప్పుడర్థమైంది.

ఆ సాయంత్రం గుమ్మంలో కాలు పెట్టగానే పిచ్చుక ఎదురు పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, నాలుగు ముద్దలే తిన్నా! పాలు కూడా పక్కదాని గ్లాసులో పోసేశా. అదేమో బకెట్లో పోసేసింది." పరీక్షలో మంచి మార్కులొచ్చిన పిల్లలా ఉంది ముఖం. పెదాలు మాత్రం ఎండిపోయి ఉన్నాయి. తల్లి పొయ్యి వెలిగించి చిన్నదానికి జావ కాచింది. చిన్నది చప్పరిస్తూ తాగుతుంటే పిచ్చుక గోడకు ఆనుకుని, మోకాళ్ళు పొట్టకు అదుముకుని చూస్తూ కూర్చుంది. అడగలేదు. అడిగితే పెట్టేసేదే. ఆ పిల్ల అడగకపోవడమే ఆమె ప్రాణం తీసింది.

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కుతినా తిననివ్వదు అని పెద్దలు ఎవరిని చూసి అన్నారో గానీ, ఇన్నాళ్ళకు ఆ సామెతకు తనే సరిపోయిందనుకుంది. ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి. పెద్దదానికి పెడితే చిన్నదానికి పోతుంది. చిన్నదాని కోసం పెద్దదాన్ని మాడ్చాలి. ఇదెక్కడి లెక్క? ఈ రూలు రాసినవాళ్ళు ఎవరో గానీ, వాళ్ళ ఇంట్లో ఇద్దరు పిల్లలున్నట్టు లేదు. ఒక్క రోజే కదా ఇంక, ఒక్క రోజు అని తనకు తనే నచ్చజెప్పుకుంటూ పిల్ల వీపు నిమిరింది. వీపు మీద చెయ్యి వేస్తే ఎముకల మీద మెత్తగా కొత్త కండ తగిలింది. దాన్ని చూసి భయపడే తల్లులు ఈ వీధిలో తప్ప ఎక్కడా ఉండరేమో అనిపించింది.

శనివారం పొద్దున వరండాలో తూకం మిషన్ పెట్టారు. మేడమ్ సన్నగా, కళ్ళ కింద నలుపుతో, ముందు రోజు కూడా నిద్ర లేనట్టుంది. కసురుకునే మనిషి కాదు. పిల్లల్ని తనే చెయ్యి పట్టుకుని మిషన్ ఎక్కిస్తోంది. ముల్లు నిలిచాక, వయసు అడిగి, గోడకు తగిలించిన పటంలో ఎర్ర గీత చూసి, "కింద" అనో "పైన" అనో చెబుతోంది. తల్లులు అవతలి గోడ వారగా వరస కట్టి నిలబడ్డారు. పెద్దమ్మ వంటగది గుమ్మంలో గరిటెతో సహా నిలబడింది. తన పిల్లలు ఎంతెంత ఎదిగారో వినడానికి పొయ్యి కూడా సన్నం చేసి వచ్చింది పాపం.

"కింద" అంది మేడమ్.

మొదటి తల్లి ఊపిరి వదిలింది.

"కింద."

కవలల్లో ఒకతి, తర్వాత రెండోది. కింద, కింద. వదిన కూతురు. కింద. వదిన గుండీలమ్మ మోచేతిని మెల్లగా గిల్లింది. పిచ్చుక వంతు వచ్చింది. తల్లి పై ప్రాణాలు పైనే పోయాయి. ముల్లు పైకి పోయి, ఊగి, వెనక్కి వచ్చి, పిచ్చుక వయసుకు పటంలో ఉన్న అంకెకు ఒక్క వెంట్రుకవాసి ఇవతల ఆగింది.

"కింద."

గుండీలమ్మ గోడకు చేరగిలబడింది. గండం గడిచింది. పిచ్చుక మిషన్ దిగి, తల్లి వైపు చూసి, ఎవరికీ కనబడకుండా చిన్నగా నవ్వింది.

చివరికి పైన అనిపించుకున్నది ఒక్కతే. ఆ వీధికి కొత్తగా వచ్చినవాళ్ళ అమ్మాయి. ఆ పిల్ల నాయనమ్మకు వదిన మాట ఇంకా చేరినట్టు లేదు. ముసలావిడ సంబరంగా అందరివంకా చూస్తే, తల్లులంతా అయ్యో పాపం అన్నట్టు తలలు వంచుకున్నారు.

మేడమ్ మిషన్ దగ్గర్నుంచి లేవలేదు. పటం వంక చూసి, పిల్లల వంక చూసి, కళ్ళు నలుపుకుంది. తర్వాత లేచి వంటగదిలోకి వెళ్ళింది. లోపల డబ్బాల మూతలు తీసిన చప్పుడు. తిరిగొచ్చేటప్పుడు ఆవిడ వెనక పెద్దమ్మ కాలు ఈడుస్తూ వచ్చింది.

"ఇన్ని వారాలు పెట్టాం. లోపల బస్తాలు ఖాళీ అయ్యాయి. పిల్లలు మాత్రం నిండలేదు" అంది మేడమ్. గొంతు పెంచలేదు. "ఒక్కరు తప్ప ఎవరూ గీత దాటలేదు. తిండి ఎక్కడికి పోతున్నట్టు?"

"పిల్లల పొట్టల్లోకే తల్లీ, ఇంకెక్కడికి పోతుంది?" అంది పెద్దమ్మ.

"ఆ బకెట్లో ఉన్నదేంటి మరి?"

పెద్దమ్మ బకెట్ వంక చూసింది. నిన్నటిది. కుక్కలకు వేద్దామని ఉంచింది. "రెండు రోజులుగా సరిగ్గా తినట్లేదమ్మా. ఎందుకో నాకూ తెలియట్లేదు. నూనె మార్చాను, నీళ్ళు కాచాను..."

"తినేట్టు వండకపోతే ఎలా తింటారు? లేదంటే సరుకు వేరే దారి పడుతోందనుకోవాలి. రెండిట్లో ఏదైనా నేను ఊరుకోవడానికి లేదు పెద్దమ్మా. మీ మీద నాకు కోపమేం లేదు. సోమవారం నుంచి మీరు రావద్దు. ఫలితం లేదని పైవాళ్ళకు తెలిస్తే అసలీ వంటే ఇక్కడ ఉంచుతారో లేదో కూడా చెప్పలేను."

ఎవరైనా ఒక్క మాట అంటారేమోనని పెద్దమ్మ తల్లులవంక చూసింది. తల్లులంతా నేలవంక చూశారు. ఆవిడ గరిటెను నడుం దగ్గర తుడిచి, మళ్ళీ తుడిచింది. శుభ్రంగా ఉన్న గరిటెనే తుడుస్తూ ఉంది.

గుండీలమ్మ లెక్క వేసుకుంది. ఉన్నమాట చెప్పిందా, ఇంటికి పొడి రాదు. చిన్నదానికి జావ లేదు. వీధిలో ఏ ఆడదీ ముఖం చూడదు. నోరు మూసుకుందా, పొడి వస్తుంది, కానీ వండేదెవరు? అసలు వంటే ఉంటుందా? అన్నిటికంటే ఆ తుడవడం చూడలేకపోయింది. మొన్న తన అరచేతిలో కూర వేసిన చెయ్యి అది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదేగా అనిపించింది.

ఒక అడుగు ముందుకు వేసింది. వదిన చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. "పిచ్చా నీకు? నిలబడు!" అంది పళ్ళ బిగువున. గుండీలమ్మ ఆ చేతిని విడిపించుకుంది.

"మేడమ్, మా పిల్లని ఒకసారి చూడండి."

"చూశాం కదమ్మా. కింద."

"తూకం కాదండీ." ఆమె పిచ్చుకను దగ్గరికి లాక్కుని, ఎడమ చెయ్యి పైకెత్తించి, గౌను పక్క కుట్టు వెలుతుర్లోకి తిప్పింది. వెలిసిపోయిన గుడ్డ పక్కన కొత్త పచ్చ పట్టీ నిలువునా కనబడింది. పాత కుట్టు సూది బెజ్జాలు కూడా వరసగా కనబడ్డాయి. "బడి మూసినప్పుడు కుట్టు ఇక్కడుండేది. మొన్న పట్టకపోతే నేనే విప్పి ఇక్కడికి వేశాను. ఈ రెండు వేళ్ళ మేరా పిల్ల ఒళ్ళు చేసింది. అదంతా పెద్దమ్మ పెట్టిన అన్నమే."

మేడమ్ వంగి ఆ పచ్చ పట్టీని వేలితో తాకింది. "మరి ముల్లు ఎందుకు దాటలేదు?"

"నేను తిననివ్వలేదు." చెప్పాక ఆ మాట అంత చిన్నదా అనిపించింది. "రెండు రోజులుగా. పొద్దున్నుంచి నీళ్ళు కూడా పట్టలేదు. గీత దాటితే పొడి ఆపేస్తారు కదండీ. ఇంట్లో చిన్నది ఉంది."

గుండీలమ్మ వెనక్కి తిరగలేదు. ఎవరెవరి బట్టలు తను విప్పిందో ఆమెకు తెలుసు. అయినా ఒక్క పేరూ ఎత్తలేదు.

"నీ నోట్లో దుమ్ముకొట్ట!" అంది వదిన వెనకనుంచి. తిడుతూనే విసవిసా ముందుకొచ్చి, కూతురి రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చి, చంక ఎత్తించింది. "ఇదిగోండి, నా పిల్లదీ చూసుకోండి. ఈ మహాతల్లే విప్పింది. అందరికీ చెప్పింది నేనే. అనేదేదో నన్నూ అనండి."

ఆ తర్వాత కవలల తల్లి వచ్చింది. మూలింటావిడ వచ్చింది. ఒకరి వెనక ఒకరు పిల్లల్ని తీసుకొచ్చి, మాట్లాడకుండా చేతులు పైకెత్తించారు. నీలం గౌను పక్కన ముదురు నీలం, గళ్ళ చొక్కా పక్కన వెలిసిపోని గళ్ళు. విప్పడానికి గుడ్డ లేక వేరే ముక్క అతికినవి కూడా ఉన్నాయి. మేడమ్ వాటివైపు చూస్తూ అక్కడున్న చిన్న స్టూలు మీద కూర్చుండిపోయింది.

"గీత దాటితే ఆపాలన్నది నేను పెట్టిన రూలు కాదమ్మా" అంది.

"మీరు పెట్టారని మేమనలేదండీ" అంది గుండీలమ్మ.

"నేను పైన చెప్పి చూస్తాను. ఒప్పుకుంటారని మాట ఇవ్వలేను. వారం తర్వాత మళ్ళీ తూస్తాను. ఈసారి అన్నాలు తిన్నాకే తూస్తాను. అప్పుడు దాటినవాళ్ళకు మాత్రం..." ఆవిడ పూర్తి చేయలేదు. అందరికీ తెలిసిందే. ఆగి, పెద్దమ్మ వైపు తిరిగింది. "సోమవారం రండి. నేనన్న మాట మనసులో పెట్టుకోకండి."

గుండీలమ్మ పెద్దమ్మ వైపు చూసింది. ఇంత చేశాక ఒక మంచి మాట అంటుందేమోనని ఎక్కడో ఆశ ఉంది. పెద్దమ్మ ముఖం కందగడ్డలా ఉంది.

"మాడ్చారా?" అంది పెద్దమ్మ. "నా మీద నింద పడితే పడనీ, ముసలిదాన్ని, ఎక్కడో చోట నాలుగు గిన్నెలు తోముకుని బతుకుతాను. కూర నోట్లో వేసుకుని బాగుందని చెప్పిపోయావు చూడు, అప్పుడు ఒక్క ముక్క చెప్పలేకపోయావా? నా చెయ్యి చెడిందేమో, పిల్లలకు విషం పెడుతున్నానేమో అని రెండు రోజులుగా నాకు ముద్ద దిగలేదే అమ్మాయ్! పెరిగే పిల్లలు! ఎండు కట్టెలనుకున్నారా ఎండబెట్టడానికి?"

గుండీలమ్మ తల వంచుకుంది. "తప్పే పెద్దమ్మా" అంది.

"తప్పొప్పులు తర్వాత. ముందు కూర్చోబెట్టండి వాళ్ళని" అంటూ పెద్దమ్మ కాలు ఈడ్చుకుంటూ వంటగదిలోకి పోయింది. గిన్నె మూత తీసిన ఆవిరి వరండా దాకా వచ్చింది. వేళ కాకుండానే ఆ రోజు కంచాలు పరిచారు. గ్లాసుల్లో ముందు నీళ్ళు పోశారు. మేడమ్ కూడా ఒక జగ్గు అందుకుంది.

పెద్దమ్మ పిచ్చుక కంచంలో అన్నం పెట్టి, కూర వేసి, గుడ్డు పెట్టింది. ఈ వారం దాకా ఆ గుడ్డు ఉంటుంది. పై వారం సంగతి ఎవరికీ తెలియదు. చిన్నదానికి జావ ఎక్కడినుంచి తేవాలో గుండీలమ్మకూ తెలియదు. మాస్టరును పొద్దుపోయేదాకా పని అడగాలి, వంతెన దగ్గరికి కబురు పెట్టాలి అని మనసు అప్పుడే లెక్కలు వేస్తోంది. ఆ లెక్కల్లోంచి తలెత్తి చూస్తే, పిచ్చుక ఇంకా ముద్ద కలపలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని తల్లి వంకే చూస్తోంది.

గుండీలమ్మ ఆ పక్కన చూసింది. వదిన కూతురు వదిన వంక చూస్తోంది. కవలలిద్దరూ వాళ్ళమ్మ వంక చూస్తున్నారు. ఆ వరసలో, ఎదుటి వరసలో, వేడి అన్నం ముందు పెట్టుకుని పిల్లలంతా తల్లుల ముఖాలు చూస్తున్నారు. కొత్తగా వచ్చినవాళ్ళ పిల్ల ఒక్కతే గబగబా తింటోంది.

గుండీలమ్మ వెళ్ళి కూతురి ముందు గొంతుక్కూర్చుంది. "తినమ్మా" అంది.

పిచ్చుక కంచంలోకి చూసి, తల్లిని చూసి, ఎవరికీ వినబడకూడదన్నట్టు మెల్లగా అడిగింది.

"ఎంత తినాలమ్మా?"